ఏథెన్స్ పురాతన కట్టడాలు, మ్యూజియంలు: ఏ వరుసలో, ఎలా చూడాలి?

"ఏథెన్స్‌లో రెండు రోజులే ఉంటాం. అక్రోపోలిస్ కొండ ఎక్కి ఫొటోలు దిగాక మ్యూజియంలు వదిలేయొచ్చా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జర్మనీలో చదువుకునే పిల్లలు వీకెండ్ ట్రిప్‌కి ముందు అడుగుతారు, హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు వీసా రాగానే అడుగుతారు.

వదిలేయకండి. ఏథెన్స్‌లో పాత కట్టడం ఒక చోట ఉంటే, అందులోని శిల్పాలూ వస్తువులూ పక్కనే మ్యూజియంలో ఉంటాయి. కొండ మీద మిగిలింది గోడలు, స్తంభాలు మాత్రమే. మ్యూజియం చూడకుండా తిరిగొస్తే గోపురం చూసి దర్శనం చేసుకోకుండా వచ్చినట్టే. కాబట్టి ఈ మార్గదర్శిలో ప్రతి కట్టడాన్నీ దాని మ్యూజియంతో జంటగా చూసే పద్ధతి చెప్తాను. దీనికి రెండున్నర రోజులు సరిపోతాయి.

## 1. ముందు జంటలు గుర్తుపెట్టుకోండి

- అక్రోపోలిస్ కొండకు జంట: కొండ కిందే ఉన్న అక్రోపోలిస్ మ్యూజియం
- ప్రాచీన అగోరాకు (పాత నగరంలో సంత, సభలు జరిగిన మైదానం) జంట: ఆవరణలోనే ఉన్న అట్టాలోస్ స్టోవా (స్తంభాల వసారా) మ్యూజియం
- కెరమైకోస్ శ్మశానవాటికకు జంట: అక్కడే ఉన్న చిన్న మ్యూజియం
- గ్రీసు మొత్తానికీ కలిపి: జాతీయ పురావస్తు మ్యూజియం

ఒక జంటను ఒకే పూటలో ముగించాలి. కొండ సోమవారం, దాని మ్యూజియం బుధవారం అని విడగొడితే, ఏ శిల్పం ఏ గోడ మీదిదో బుధవారానికి గుర్తుండదు.

## 2. తేదీ, వారం ఖాయం చేసుకోండి

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మంగళవారం పొద్దున తొమ్మిదింటికే జాతీయ మ్యూజియం మెట్ల మీద నిలబడ్డాను. మంగళవారాల్లో అది మధ్యాహ్నం 1 గంటకు తెరుస్తారని తెలియదు. సగం రోజు పోయింది. మీరు మంగళవారం ఏథెన్స్‌లో ఉంటే పొద్దున కొండకు వెళ్లి, ఆ మ్యూజియం మధ్యాహ్నానికి పెట్టుకోండి.

జనవరి 1, మే 1, డిసెంబర్ 25, 26 తేదీల్లో, ఆర్థడాక్స్ ఈస్టర్ ఆదివారం నాడు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. గ్రీకుల ఈస్టర్ చాలా ఏళ్లు మన క్యాలెండర్లలో ఉండే ఈస్టర్ తేదీన రాదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు ఆ తేదీ విడిగా చూసుకోవాలి.

ఎండాకాలంలో అక్రోపోలిస్ పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, చలికాలంలో సాయంత్రం 5కే మూసేస్తారు. జూన్, జులై, ఆగస్టుల్లో వడగాడ్పులు వస్తే మధ్యాహ్నం పూట కొండను గంటల తరబడి మూసేస్తున్నారు. విజయవాడ ఎండ చూసినవాళ్లం, ఇదెంత అనుకోవద్దు. పైన నీడ లేదు, తెల్లని చలువరాయి ఎండను కింది నుంచి మొహం మీదకి కొడుతుంది. తేదీ మీ చేతిలో ఉంటే ఏప్రిల్, మే, అక్టోబర్ మంచివి.

నవంబర్ నుంచి మార్చి వరకు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ కట్టడాల ప్రవేశం ఉచితం. డబ్బు మిగులుతుంది, జనం మాత్రం బాగా ఉంటారు.

## 3. టికెట్లు: వరుస తప్పకండి

1. ముందుగా అక్రోపోలిస్ టికెట్ కొనండి. తేదీతో పాటు గంట స్లాట్ కూడా ఎంచుకోవాలి. రోజుకు 20,000 మంది అన్న పరిమితి 2023 నుంచి ఉంది, సీజన్‌లో పొద్దున స్లాట్లే ముందు అయిపోతాయి.
2. వీలైతే 8 గంటల స్లాట్ తీసుకోండి. లేకపోతే మూసే ముందు రెండు గంటల స్లాట్. పది నుంచి నాలుగు మధ్య వద్దు.
3. అక్రోపోలిస్ మ్యూజియం టికెట్ వేరు, అమ్మే సైట్ కూడా వేరు. కొండ టికెట్‌లో అది కలిసి ఉండదు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.
4. మిగతా వాటికి అక్కడికి వెళ్లి కొన్నా ఇబ్బంది ఉండదు.

అక్రోపోలిస్ టికెట్ ధర 2025 ఏప్రిల్‌లో 30 యూరోలు చేశారు. ఏడు చోట్లకు కలిపి 30 యూరోలకు ఒకే టికెట్ ఇచ్చే పద్ధతి అప్పుడే ఆపేశారు. పాత వీడియోల్లో ఇంకా ఆ కాంబో టికెట్ గురించే చెప్తున్నారు, నమ్మి బడ్జెట్ వేసుకోవద్దు.

ఇంకో మాట. 25 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితం అన్నది యూరోపియన్ యూనియన్ పౌరులకు. యూరప్‌లో చదువుతున్నంత మాత్రాన మన పిల్లలు ఆ టికెట్ తీసుకోకూడదు, గేటు దగ్గర పాస్‌పోర్ట్ అడుగుతారు. మీకు ఏ వర్గం వర్తిస్తుందో చదివి కొనండి.

## 4. ముందురోజు రాత్రి సర్దుకోవాల్సినవి

- పట్టు ఉన్న రబ్బరు సోల్ బూట్లు. వేల ఏళ్లుగా జనం తొక్కిన చలువరాయి గాజులా నున్నగా ఉంటుంది, చెప్పులు జారతాయి. హై హీల్స్ వేసుకోనివ్వరు
- చిన్న సంచి. పెద్ద బ్యాక్‌ప్యాక్ క్లోక్‌రూమ్‌లో పెట్టమంటారు
- ఒక్కొక్కరికి ఒక నీళ్ల సీసా. కొండ మీద నింపుకోవడానికి కుళాయి ఉంది
- టోపీ, కళ్లద్దాలు. చలికాలమైతే గాలి ఆపే జాకెట్, పైన ఈదురుగాలి ఎక్కువ
- టికెట్ స్క్రీన్‌షాట్, పవర్ బ్యాంక్
- ఒరిజినల్ పాస్‌పోర్ట్ లేదా రెసిడెన్స్ కార్డు

శాకాహారులు ఉంటే పొద్దున్నే వీధిలో అమ్మే కులూరి (నువ్వులద్దిన గుండ్రటి రొట్టె), పాలకూర, చీజ్ పెట్టి చేసే స్పనకోపిత కొనుక్కోండి. మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. వాటిని కట్టడాల లోపల మాత్రం తినకూడదు.

## 5. మొదటి రోజు పొద్దున: కొండ

కొండకు రెండు గేట్లు ఉన్నాయి. టూర్ బస్సుల జనం పడమటి ప్రధాన ద్వారం దగ్గర దిగుతారు. మీరు అక్రోపోలి మెట్రో స్టేషన్‌లో దిగి ఆగ్నేయపు గేటుకు వెళ్లండి. స్లాట్‌కు 15 నిమిషాల ముందు అక్కడ ఉండాలి.

గేటు దాటగానే డయోనిసస్ నాటకశాల కనిపిస్తుంది. ఆగొద్దు, దాన్ని దిగేటప్పుడు చూడండి. నేరుగా పైకి నడిస్తే పాతిక నిమిషాల్లో ప్రొపైలియా చేరతారు. క్రీ.పూ. 437లో మొదలుపెట్టిన పెద్ద ద్వారం ఇది. మెట్ల దగ్గరే రద్దీ, జారుడు రెండూ ఎక్కువ. ఫొటో కోసం మెట్ల మీద ఆగకండి, పైకి వెళ్లాక వెనక్కి తిరిగి తీసుకోండి.

లోపలికి రాగానే ఎదురుగా పార్థినాన్, అథీనా దేవత గుడి. అందరూ అక్కడే ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. నిజానికి మీకు కనిపిస్తున్నది గుడి వెనక భాగం. అథీనా విగ్రహం ఉన్న గదికి ద్వారం తూర్పున ఉంది. చుట్టూ తిరిగి తూర్పు వైపుకు తప్పకుండా వెళ్లండి, అక్కడ జనం కూడా తక్కువ.

అక్కడ ఒక పని చేయండి. గుడి మూలకు దగ్గరగా, తాడు ఇవతలే నిలబడి కాస్త వంగి, పై మెట్టు అంచు వెంట ఒక కన్నుతో చూడండి. మెట్టు తిన్నగా ఉండదు. మధ్యలో ఉబ్బి, రెండు చివరలకూ వంగుతుంది. పొడవు వైపు ఆ ఉబ్బు 11 సెంటీమీటర్లు, వెడల్పు వైపు 6 సెంటీమీటర్లు. అవతలి మూలన నిలబడ్డ మనిషి పాదాలు ఆ ఉబ్బు వెనక దాక్కున్నట్టు అనిపిస్తుంది. ఇక్టినోస్, కల్లిక్రటీస్ అనే వాస్తుశిల్పులు క్రీ.పూ. 447లో పని మొదలుపెట్టి రాతిని ఇంత నేర్పుగా వంచారు. ఫొటోలో ఇది దొరకదు. అక్కడిదాకా వెళ్లినందుకు కళ్లారా చూసుకోవాల్సింది ఇదే.

స్తంభాల్లో కొన్ని ముక్కలు కొత్త తెలుపులో కనిపిస్తాయి. అవి మరమ్మతులో చేర్చిన రాళ్లు. పూర్వం మరమ్మతులకు వాడిన ఇనుప కడ్డీలు తుప్పు పట్టి రాతిని పగలగొట్టాయి. ఇప్పుడు టైటానియం వాడుతున్నారు.

తర్వాత ఎరెక్థియాన్ అనే గుడి. అక్కడ తల మీద కప్పు మోస్తున్న ఆరుగురు స్త్రీమూర్తులు, కారియాటిడ్‌లు, నకళ్లు. అసలువాటిలో ఐదు కింద మ్యూజియంలో, ఒకటి లండన్‌లో ఉన్నాయి. ఆరు చోట్లలో ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో ఒక నిమిషం చూసి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

దిగేముందు టాయిలెట్, నీళ్లు అన్నీ చూసుకోండి. ఒకసారి బయటికొస్తే అదే టికెట్ మీద మళ్లీ లోపలికి రానివ్వరు.

## 6. అదే రోజు: అక్రోపోలిస్ మ్యూజియం

మధ్యలో ఒక గంట కూర్చుని ఏదైనా తిని వెళ్లండి. కొండ దిగిన కాళ్లతో నేరుగా మ్యూజియంలోకి వెళ్తే మూడో అంతస్తు చేరేసరికి కళ్లు చూస్తాయి గానీ బుర్రకెక్కదు.

లోపల ఈ వరుసలో వెళ్లండి:

1. కింది అంతస్తు వాలు దారి. కాలి కింద గాజు, గాజు కింద తవ్వకాల్లో బయటపడ్డ పాత ఇళ్లు. ఇక్కడ పది నిమిషాలు చాలు.
2. మొదటి అంతస్తు. పార్థినాన్ కన్నా పాత శిల్పాలు ఇక్కడ ఉన్నాయి. దూడను భుజాన మోస్తున్న మనిషి శిల్పం క్రీ.పూ. 570 ప్రాంతానిది. కన్యామూర్తుల బట్టల అంచుల్లో మిగిలిన ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల జాడలు వెతకండి. ఆ శిల్పాలు ఒకప్పుడు తెల్లగా లేవు, మన గుడి గోపురాల్లా రంగులతో ఉండేవి.
3. నేరుగా మూడో అంతస్తు, పార్థినాన్ హాలు.
4. తిరిగి మొదటి అంతస్తుకు దిగి కారియాటిడ్‌ల దగ్గర ఆగండి. వెనక్కి వెళ్లి జడలు చూడండి. ఒక్కొక్కరి జడ ఒక్కోలా అల్లి ఉంటుంది. లావు జడ అందానికే కాదు, అంత బరువు మోసే మెడ దగ్గర రాతికి బలం ఇవ్వడానికి కూడా.

మూడో అంతస్తు గురించి విడిగా చెప్పాలి. ఆ హాలును కొండ మీది పార్థినాన్ ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కుకు తిప్పి, అదే కొలతల్లో కట్టారు. కిటికీలోంచి గుడి కనిపిస్తూనే ఉంటుంది. గుడి చుట్టూ ఉండే 160 మీటర్ల శిల్పపట్టీ ఒక ఊరేగింపు. పడమటి వైపు మొదలుపెట్టండి. గుర్రాలకు కళ్లేలు వేసుకుంటున్న యువకులు అక్కడ ఉంటారు. వాళ్లతో పాటే నడుస్తూ తూర్పుకు చేరితే కూర్చున్న దేవతలు కనిపిస్తారు. తూర్పు నుంచి మొదలుపెడితే ఊరేగింపు వెనక్కి నడిచినట్టు ఉంటుంది.

నడుస్తుంటే రాయి రంగు మారుతుంది. తేనెరంగు పలకలు అసలువి. పాలిపోయిన తెల్ల పలకలు పోతపోసిన నకళ్లు. అసలు పట్టీలో సుమారు సగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మనుషులు 1801 నుంచి ఊడదీసి తీసుకెళ్లినవాటిని బ్రిటన్ 1816లో కొన్నది. నాకు ఇక్కడ అమరావతి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మన స్తూపం పలకలు కూడా కొన్ని అదే బ్రిటిష్ మ్యూజియంలో, చాలా వరకు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. పోయిన పలక చోటును ఖాళీగా వదలకుండా, తెల్లటి నకలు పెట్టి ఇదీ మాది అని చెప్పే ఈ పద్ధతిని మనవాళ్లు వచ్చి చూడాలి.

## 7. రెండో రోజు పొద్దున: అగోరా

మొనాస్టిరాకి మెట్రో దగ్గర దిగి అడ్రియానూ వీధి గేటు నుంచి లోపలికి వెళ్లండి. ముందు ఎడమవైపు మ్యూజియంలోకి వెళ్లకండి. కుడివైపు గుట్ట మీద హెఫెస్టస్ గుడి ఉంది, స్తంభాలూ కప్పూ నిలిచి ఉన్న గుడి. అక్కడి నుంచి కిందికి చూస్తే అగోరా మొత్తం పటంలా పరుచుకుంటుంది. దిశలు అర్థమయ్యాక దిగి, పొడవాటి అట్టాలోస్ స్టోవాకు నడవండి. క్రీ.పూ. రెండో శతాబ్దంలో పెర్గమాన్ రాజు కట్టించిన ఈ స్తంభాల వసారాను 1953–56 మధ్య పాత పునాదుల మీద తిరిగి కట్టారు.

మ్యూజియం చిన్నది. నాకు ఏథెన్స్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది. బంగారం లేదు, మామూలు జనం వాడిన సరుకు ఉంది. ఈ నాలుగు దొరికేదాకా వెతకండి:

- ఓటు పెంకులు. విరిగిన కుండ పెంకు మీద మేకుతో గీకిన పేరు. నగరం నుంచి పదేళ్లు వెళ్లగొట్టాల్సిన నాయకుడి పేరు అలా రాసి వేసేవాళ్లు, ఓటింగ్ చెల్లాలంటే 6,000 పెంకులు పడాలి. అక్షరాల దగ్గరికి వంగి చూడండి. కొందరు వరుస తప్పారు, కొందరు చోటు చాలక కింది పంక్తికి దిగారు. అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో థెమిస్టోక్లిస్ అనే నాయకుడి పేరున్న 190 పెంకులు దొరికాయి. చేతిరాతలు పోల్చితే వాటిని రాసింది 14 మందే అని తేలింది. అంటే ముందే రాసి ఓటర్లకు పంచారు.
- నీళ్ల గడియారం. పై కుండలోంచి నీళ్లు కారిపోయేదాకా, అంటే 6 నిమిషాలు, కోర్టులో వాదించొచ్చు. మన పాత గడియ పాత్ర దీనికి తలకిందులు. అడుగున రంధ్రం ఉన్న గిన్నె నీళ్లలో మునిగితే ఒక గడియ.
- చీలికల వరుసలున్న రాతి పలక. పేర్ల బిళ్లలు చీలికల్లో దోపి, పక్క గొట్టంలో నలుపు, తెలుపు గోళీలు పోసి జ్యూరీ సభ్యులను లాటరీ తీసేవాళ్లు.
- క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గర స్పార్టా సైనికుల నుంచి గుంజుకున్న కంచు డాలు. ఎవరి నుంచి తెచ్చారో దాని మీదే అక్షరాలు పొడిచారు.

మొత్తం రెండున్నర గంటలు చాలు.

## 8. రెండో రోజు మధ్యాహ్నం: కెరమైకోస్

కెరమైకోస్ అనే మెట్రో స్టేషన్‌లో దిగకండి, అది దూరం. థిస్సియో స్టేషన్ దగ్గర. జనం తక్కువ, పచ్చగడ్డి, గడ్డిలో తాబేళ్లు. నడుము నొప్పి పుట్టే రోజున ఇది హాయిగా ఉంటుంది.

సమాధుల వీధిలో కొన్ని రాళ్లు నకళ్లు. నగల పెట్టె ముందు కూర్చున్న హెగెసో పలక అసలుది జాతీయ మ్యూజియంలో ఉంది. ఇక్కడ నకలు నిలబడ్డ చోటు చూసుకుంటే మర్నాడు అసలుది చూసినప్పుడు పాత మనిషిని కలిసినట్టు ఉంటుంది.

## 9. మూడో రోజు సగం పూట: జాతీయ పురావస్తు మ్యూజియం

విక్టోరియా లేదా ఒమోనియా స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఇక్కడ అన్నీ చూడాలనే టెన్షన్ పెట్టుకుంటే ఏదీ చూడలేరు. మూడు గంటలు, ఐదు మజిలీలు పెట్టుకోండి. గేటు దగ్గర ప్లాన్ తీసుకుని వాటిని ముందే పెన్నుతో గుర్తుపెట్టండి.

1. మైసినీ బంగారం, 4వ గది. మైసినీ అనే పాత నగరంలో 1876లో జర్మన్ పురావస్తు పరిశోధకుడు ష్లీమాన్ తవ్వి తీసిన ముఖపు తొడుగును ట్రాయ్ యుద్ధపు కథలోని రాజు అగమెమ్నాన్‌ది అంటారు. అది క్రీ.పూ. 16వ శతాబ్దానిది. ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలం కంటే మూడు వందల ఏళ్లు పాతది.
2. డిపిలాన్ కుండ, 7వ గది. కెరమైకోస్‌లో దొరికిన ఒకటిన్నర మీటర్ల ఎత్తు కుండ. చనిపోయిన స్త్రీ చుట్టూ తల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తున్న మనుషులను వెతకండి.
3. ఆర్టెమిసియాన్ కంచు దేవుడు, 15వ గది. సముద్రంలో దొరికిన ఈ విగ్రహం జ్యూస్‌దో పొసైడాన్‌దో తేలలేదు, చేతిలో ఆయుధం పోయింది. ముందు నుంచి కాదు, పక్క నుంచి చూడండి.
4. హెగెసో పలక, 18వ గది.
5. ఆంటికిథెరా యంత్రం, 38వ గది. దీనికి అరగంట కేటాయించండి.

ఆ యంత్రం చూడటానికి ఆకుపచ్చ తుప్పు ముద్దలా ఉంటుంది, అందుకే చాలామంది దాటిపోతారు. 1900లో స్పాంజ్ ఏరే ఈతగాళ్లు కనిపెట్టిన మునిగిన ఓడలో దొరికింది. పెద్ద ముక్క ముందు నిలబడి నాలుగు ఆకులున్న చక్రం ఎక్కడుందో చూడండి, తర్వాత దాని అంచున చిన్న చిన్న త్రికోణపు పళ్లు కనిపిస్తాయి. 30 చక్రాలు మిగిలాయి. సూర్యచంద్రుల స్థానాలు, 223 చాంద్రమాసాల గ్రహణ చక్రం ఇది లెక్కగట్టేది. పిడి తిప్పితే పంచాంగం పలికే పెట్టె అనుకోండి. ముందు పక్కనున్న నమూనా చూసి, తర్వాత అసలు ముక్క చూస్తే బాగా అర్థమవుతుంది.

ఓపిక ఉంటే పై అంతస్తులో థెరా ద్వీపపు గోడ చిత్రాలు చూడండి. లేకపోతే లోపలి తోట పక్కన కేఫ్‌లో కూర్చోండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

మధ్యాహ్నం కొండ ఎక్కడం. మేము ఒక జులైలో రెండింటికి ఎక్కాం. అమ్మ ప్రొపైలియా మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది, ఆమె పార్థినాన్ చూడనే లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. పొద్దున స్లాట్ దొరకకపోతే సాయంత్రానికి మార్చండి, అదీ లేకపోతే కొండ మానేసి మ్యూజియం మూడో అంతస్తు నుంచి చూపించండి.

ప్రతి లేబుల్ చదవడం. గదికి ఒక్క వస్తువు ఎంచుకుని ఐదు నిమిషాలు దాని ముందు నిలబడండి.

విగ్రహాల పక్కన వాటిలా పోజులివ్వడం. గ్రీకు మ్యూజియం సిబ్బంది వెంటనే ఆపుతారు. ఫ్లాష్, ట్రైపాడ్ కూడా కుదరవు.

గుర్తుగా రాయి ముక్క తెచ్చుకోవడం. చిన్న పెంకైనా చట్టప్రకారం నేరం. పిల్లల జేబులు చూడండి.

మెట్రోలో పర్సు వెనక జేబులో పెట్టడం. ఎయిర్‌పోర్ట్ రైళ్లలో, మొనాస్టిరాకి దగ్గర జేబుదొంగలు ఉంటారు. సంచి ముందుకు వేసుకోండి.

## 11. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే

నడవలేనివాళ్ల కోసం కొండకు లిఫ్ట్ ఉంది, ప్రధాన ద్వారం వైపు నుంచి వెళ్లాలి. గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు కాబట్టి ఆ పొద్దున కనుక్కుని బయలుదేరండి.

పిల్లలకు ముందురోజు రాత్రి ఒక్క కథ చెప్పండి: ఈ ఊరి కోసం అథీనా, పొసైడాన్ పోటీపడటం, ఆమె ఆలివ్ చెట్టు ఇచ్చి గెలవడం. ఎరెక్థియాన్ పక్కన ఆలివ్ చెట్టు చూడగానే వాళ్లే గుర్తుపడతారు.

## 12. ఒక్క రోజే ఉంటే

పొద్దున 8కి కొండ, 11కి భోజనం, 12 నుంచి అక్రోపోలిస్ మ్యూజియం, సాయంత్రం మూసే వేళ చూసుకుని అగోరా. జాతీయ మ్యూజియం ఈసారికి వదిలేయండి.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ మెట్రో ఎక్కేముందు సింటగ్మా స్టేషన్‌లో పదిహేను నిమిషాలు మిగుల్చుకోండి. మెట్రో తవ్వినప్పుడు బయటపడ్డ నేలను అక్కడ గాజు వెనక గోడలా నిలబెట్టారు. మట్టి గొట్టాలు, ఒక సమాధి, పొరల మీద పొరలు కనిపిస్తాయి. దీనికి వేరే టికెట్ అక్కర్లేదు, మీ మెట్రో టికెట్ చాలు.